కెంపుకు ఎరుపు ఎవరిచ్చారు?



నగల మీద మోజు లేని ఆడవాళ్లు ఉంటే ఉండవచ్చు గాని, నగల పెట్టె మూత తీసినప్పుడు ఆ రంగుల వంక ఓ క్షణం చూడని వాళ్లు మాత్రం ఉండరు. ముక్కుపుడకలో కెంపు, ఉంగరంలో నీలం, పతకంలో పచ్చ, దుద్దుల్లో రవ్వలు. ఒక్కోదానిది ఒక్కో రంగు, ఒక్కో వెలుగు. కొనేటప్పుడు మనం ఎన్నో అడుగుతాం. బరువెంత, ధరెంత, దోషం ఏమన్నా ఉందా, మళ్లీ అమ్మితే ఎంతొస్తుంది, అన్నీ అడుగుతాం. "ఈ రాయికి ఈ రంగు ఎలా వచ్చిందయ్యా?" అని మాత్రం ఎవరమూ అడగం. చీరకు రంగు అద్దకంవాడు అద్దుతాడు. గోడకు రంగు మేస్త్రీ వేస్తాడు. మరి భూమి పొరల్లో, చీకట్లో, కోట్ల సంవత్సరాల కిందట పుట్టిన రాయికి రంగెవరు అద్దారు?

ఈ ప్రశ్నకు సరైన జవాబు దొరకడానికి మనుషులకు వేలయేళ్లు పట్టింది. ఆ కథే ఇవాళ మీకు చెప్పాలని వచ్చాను. ఇది కేవలం కాలక్షేపానికి కాదు సుమండీ. ఈ నాలుగు సంగతులు తెలియకపోవడం వల్ల ఇళ్లల్లో మాటలు పడ్డ ఆడవాళ్లున్నారు, డబ్బు పోగొట్టుకున్న వాళ్లూ ఉన్నారు. ఆ విషయం దగ్గరకి మెల్లగా వద్దాం.

ముందు మన పెద్దవాళ్లు ఏమన్నారో చూద్దాం. గరుడపురాణంలో బలాసురుడి కథ ఉంది. ఆ రాక్షసుడి శరీరం ముక్కలై భూమి మీద పడితే, ఎముకలు వజ్రాలయ్యాయట. పళ్లు ముత్యాలయ్యాయి, నెత్తురు కెంపులయ్యింది, పిత్తం పచ్చలయ్యింది, కళ్లు నీలాలయ్యాయి. కథ అన్నమాటేగాని, ఎంత చక్కగా అమర్చారో గమనించండి. ప్రతి రంగుకూ మన ఒంట్లోనే ఒక పోలిక వెతికారు. ఇహ 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు తన బృహత్సంహితలో వజ్రానికీ, ముత్యానికీ, కెంపుకూ, పచ్చకూ వేరువేరు అధ్యాయాలే రాశాడు. ఏ రాయి మంచిది, ఏది చెడ్డది, ఏ ఛాయకు ఎంత విలువ, అంతా లెక్కగా చెప్పాడు. కెంపులోనే పద్మరాగమనీ, సౌగంధికమనీ, కురువిందమనీ మన శాస్త్రాల్లో భేదాలున్నాయి. రంగును కంటితో కొలవడంలో మనవాళ్లను మించినవాళ్లు లేరనే చెప్పాలి.

అయితే కన్ను ఒక్కటే చాలదు. రంగును బట్టి పేరు పెడితే ఎంత పొరపాటు జరుగుతుందో చెప్పడానికి రెండు రాళ్ల కథ చాలు.

బ్రిటిష్ రాజకిరీటం ముందుభాగాన కోడిగుడ్డంత ఎర్రటి రాయి ఒకటుంది. దాన్ని 'బ్లాక్ ప్రిన్స్ కెంపు' అంటారు. స్పెయిన్ దేశపు రాజొకడు 1367లో ఇంగ్లీషు యువరాజుకు ఇచ్చాడని చెబుతారు. రెండోది 'తైమూరు కెంపు'. 350 క్యారెట్ల పైచిలుకు. దాని మీద జహంగీరు, షాజహాను, ఫరుఖ్‌సియరు, నాదిర్షా, అహమ్మద్‌షా పేర్లు చెక్కి ఉన్నాయి. మొగలాయీల నుంచి నాదిర్షా దోచుకుపోయాడు. తర్వాత అది పంజాబు చేరింది. పంజాబును ఇంగ్లీషువాళ్లు కలుపుకున్నాక, 1851లో ఈస్టిండియా కంపెనీ దాన్ని విక్టోరియా రాణికి సమర్పించింది. వందల యేళ్ల పాటు రాజులూ చక్రవర్తులూ ప్రాణాలొడ్డి సంపాదించుకున్న ఈ రెండు కెంపులూ, చివరికి చూస్తే, కెంపులు కానే కావు! రెండూ స్పినెల్ అనే వేరే జాతి రాళ్లు. కెంపుల సరసనే దొరుకుతాయి, కెంపుల్లాగే ఎర్రగా ఉంటాయి. అంతే.

ఆఫ్ఘనిస్తాను వైపు బదక్షాన్ కొండల్లో దొరికే ఈ ఎర్రరాయిని మొగలాయీలు 'లాల్' అనేవారు. అసలు కెంపు వేరు, లాల్ వేరు అని 11వ శతాబ్దంలోనే అల్ బిరూనీ అనే పండితుడు గుర్తించాడు. గజనీ మహమ్మదు కాలంలో మన దేశానికి వచ్చి, సంస్కృతం నేర్చుకుని, మన సంగతులన్నీ రాసుకుపోయినాయనే. రాళ్లను నీళ్లలో ముంచి ఏ రాయి ఎంత బరువో ఓపికగా తూచాడు. ఒకే పరిమాణం ఉన్న కెంపు, లాల్ కంటే బరువు తూగుతుంది. అయినా యూరపువాళ్లకు ఈ సంగతి తేల్చుకోవడానికి 1783 దాకా పట్టింది. రోమే డి లీల్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రెండు రాళ్ల స్ఫటికాలనూ పరీక్షించి, ఇవి అక్కచెల్లెళ్లు కావు, కేవలం ఇరుగుపొరుగు వాళ్లని రుజువు చేశాడు.

ఇక్కడి నుంచి కథ వేగం అందుకుంటుంది. ఇరవై యేళ్లలోనే రత్నాల గుట్టంతా బయటపడింది.

1797లో స్మిత్‌సన్ టెనెంట్ అనే ఇంగ్లీషు రసాయన శాస్త్రజ్ఞుడు ఓ వజ్రాన్ని తగలబెట్టాడు. మనకైతే గుండె తరుక్కుపోతుంది! వచ్చిన వాయువును తూచి చూస్తే, అంతే బరువు బొగ్గును కాలిస్తే ఎంత వస్తుందో సరిగ్గా అంతే వచ్చింది. వజ్రమన్నా బొగ్గన్నా ఒకటే పదార్థమని తేలింది. అదే యేడు పారిస్‌లో వోక్లాఁ అనే ఆయన సైబీరియా నుంచి వచ్చిన ఒక ఎర్రటి ఖనిజంలో కొత్త లోహాన్ని కనిపెట్టాడు. దానితో ఏ సమ్మేళనం చేసినా ఒక కొత్త రంగే! పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, నారింజ. అంచేత గ్రీకు భాషలో 'రంగు' అనే మాటను బట్టి దానికి క్రోమియం అని పేరు పెట్టారు. ఆ వోక్లాఁయే పచ్చను కూడా కరిగించి పరీక్షిస్తే, అందులోనూ ఈ క్రోమియమే కాస్తంత కనిపించింది. పచ్చకు పచ్చదనం ఇచ్చేది అదేనన్నమాట!

ఇంకో తమాషా చూడండి. మన దేశంలో కత్తులకు సానపెట్టే కురువిందరాయి ఉంది కదా, గరుకుగా, మట్టిరంగులో ఉంటుంది. ఆ రాళ్లు కొన్ని ఇంగ్లండు చేరాయి. 1798లో గ్రెవిల్ అనే ఆయన దాని మీద ఒక వ్యాసం రాశాడు. 1802లో బూర్నాఁ అనే ఆయన తేల్చి చెప్పాడు: ఈ గరుకు కురువిందం, కెంపు, నీలం మూడూ ఒకే ఖనిజం! ఇంగ్లీషులో దాన్ని ఈనాటికీ 'కొరండం' అంటున్నారు. ఆ మాట మన దక్షిణాది భాషల నుంచి వెళ్లిందే. కత్తులు నూరే రాయికీ, మహారాణి మెడలో కెంపుకూ తల్లి ఒకటే.

సరే, మరి ఆ కొరండం దేనితో తయారైందంటారా? మన వంటింట్లో సిలవరు గిన్నెలంటాం చూశారా, అవి నిజానికి అల్యూమినియం. ఆ అల్యూమినియం, మనం పీల్చే గాలిలోని ఆక్సిజను, ఈ రెండూ కలిసి స్ఫటికంగా గట్టిపడితే కొరండం అవుతుంది. వజ్రం తర్వాత అంత గట్టిది ఇదే. పరిశుద్ధంగా ఉంటే దానికి ఏ రంగూ లేదు, గాజులా తెల్లగా ఉంటుంది. ఈ తెల్లటి రాయిలో వంద అల్యూమినియం అణువులకు ఒక్కటో, అంతకంటే తక్కువో జరుగుబాటు చేసుకుని, ఆ చోట్లో క్రోమియం అణువు వచ్చి కూర్చుంటే, రాయి ఎర్రబడుతుంది. అదే కెంపు. క్రోమియం ఎక్కడో దొరికే వింత వస్తువేం కాదు. మన స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నెలు తుప్పు పట్టకుండా కాపాడేది ఆ లోహమే. సిలవరు గిన్నెలోది రవంత, స్టీలు గిన్నెలోది చిటికెడు. ఇంత చెబితే కెంపు మీద మోజు పోతుందేమో అని భయంగా ఉంది!

రంగు ఎలా పుడుతుందంటే, తెల్లటి వెలుగులో అన్ని రంగులూ కలిసి ఉంటాయి. వాన వెలిసినప్పుడు ఇంద్రధనుస్సులో అవే విడివిడిగా కనబడతాయి. కెంపులోని క్రోమియం ఆ వెలుగులోంచి ఆకుపచ్చనూ, ఊదానూ మింగేస్తుంది. ఎరుపును మాత్రం వదిలేస్తుంది. అది మన కంటికి చేరుతుంది. అంతటితో అయిపోలేదు. మింగిన వెలుగులో కొంత మళ్లీ ఎర్రటి కాంతిగా బయటికి విడుస్తుంది కూడా. బర్మా కెంపులు ఎండలోకి తెస్తే నిప్పుకణికల్లా రగులుతాయని పెద్దవాళ్లు అనేవారు. అది ఉత్త వర్ణన కాదు, నిజంగానే కెంపు తన వెలుగు తాను ఇస్తుంది. ఇనుము ఎక్కువగా ఉన్న కెంపుల్లో ఆ వెలుగు చచ్చిపోతుంది. అందుకనే బర్మా కెంపుకు అంత ధర.

మరి మీకొక సందేహం రావాలి. కెంపులో ఎరుపునిచ్చిందీ క్రోమియమే, పచ్చలో ఆకుపచ్చనిచ్చిందీ క్రోమియమే అంటున్నాను. ఒకే వస్తువు అక్కడ ఎరుపూ, ఇక్కడ పచ్చా ఎలా అయింది?

శాస్త్రజ్ఞులను కూడా నూరేళ్ల పైన వేధించిన ప్రశ్న ఇది. మనకు తెలిసిన పోలిక ఒకటి చెబుతాను. పసుపు పచ్చగా ఉంటుంది. అందులో సున్నం కలిపితే ఎర్రటి పారాణి అవుతుంది. పసుపు మారలేదు, సావాసం మారింది. కారణాలు వేరనుకోండి, కాని రత్నంలోనూ మర్మం సావాసంలోనే ఉంది. కెంపులో క్రోమియం చుట్టూ ఆక్సిజను అణువులు బాగా ఒరుసుకుని, ఇరుకుగా ఉంటాయి. పచ్చ బెరిల్ అనే వేరే ఖనిజం. అందులో ఆ ఇరుకు కాస్త తక్కువ. ఆ కొద్ది తేడాతో క్రోమియం మింగే రంగులు మారిపోయి, ఎరుపుకు బదులు పచ్చ మిగులుతుంది. 1929లో హాన్స్ బెథే అనే జర్మను శాస్త్రజ్ఞుడు స్ఫటికంలో చిక్కిన అణువుల లెక్క తేల్చిన తర్వాతే దీనికి సరైన సమాధానం దొరికింది.

కెంపుకూ పచ్చకూ నడిమధ్యన ఉండే రాయి కూడా ఒకటుంది. దాన్ని అలెగ్జాండ్రైట్ అంటారు. 1830ల్లో రష్యాలోని ఉరల్ కొండల్లో బయటపడింది. పగలు ఎండలో పచ్చగా ఉంటుంది, రాత్రి దీపం వెలుగులో ఎర్రగా కనిపిస్తుంది. అందులోదీ క్రోమియమే. ఎండలో ఆకుపచ్చ పాలు బాగా ఉంటుంది, దీపంలో ఎరుపు పాలు ఎక్కువ. రాయి ఏది ఎక్కువ అందితే దాన్నే చూపిస్తుంది. ఈ జాతి రాళ్లు మన ఉత్తరాంధ్రలో కూడా దొరికాయి.

నవరత్నాల్లో మిగిలిన వాటికీ ఒక్కోదానికి ఒక్కో కారణం. గోమేధికానికి తేనెరంగు ఇనుము, మాంగనీసుల వల్ల వచ్చింది. వైడూర్యంలో పిల్లికన్ను గీత రంగు కాదు. లోపల వెంట్రుకల కంటే సన్నని సూదుల్లాంటివి వరుసగా ఉంటాయి. పట్టుదారపు ఉండ మీద వెలుగు గీతలా జారినట్టు, వాటి మీద వెలుగు జారుతుంది. ముత్యంలోనూ రంగు లేదు, పల్చటి పొరలు వేలకొద్దీ ఉంటాయి. సబ్బునురగ బుడగ మీద రంగులు ఆడినట్టు ఆ పొరల మీద వెలుగు ఆడుతుంది. పగడం రాయి కాదు, సముద్రజీవి కట్టుకున్న గూడు. దాని ఎరుపు, క్యారెట్టుకు రంగునిచ్చే జాతి పదార్థమే.

ఇహ వజ్రం సంగతికి వద్దాం. ఇది మన ఇంటి కథ.

18వ శతాబ్దం మొదట్లో బ్రెజిలులో గనులు బయటపడేదాకా, ప్రపంచంలో వజ్రాలంటే దాదాపు మన దేశానివే. వాటిలో పేరు మోసినవి కృష్ణానది ఒడ్డున పల్నాటి వైపు కొల్లూరు గనిలో దొరికినవి. సరుకు గోలకొండ బజారుకు చేరేది గనక గోలకొండ వజ్రాలన్నారు. ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే 17వ శతాబ్దంలో కొల్లూరు వచ్చి చూసి రాశాడు. అక్కడ 60,000 మంది పనిచేసేవారట. మగవాళ్లు తవ్వేవారు, ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మోసేవారు. మట్టిని నీళ్లతో కడిగి, ఎండబెట్టి, జల్లించి, ఆ రాళ్లలో చేతులతో వెతికేవారు. ప్రపంచంలోని రాణులు ధరించిన రవ్వల వెనక మన తెలుగుతల్లుల నెత్తి మీది తట్టలున్నాయన్న మాట మనం గుర్తుంచుకోవాలి. ఒక్కరి పేరూ ఎవరూ రాసిపెట్టలేదు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయంలో మునిగిపోయింది.

వజ్రం పరిశుద్ధమైతే నీటిచుక్కలా ఉంటుంది. గోలకొండ వజ్రాలకు ఆ పేరు రావడానికి కారణం వాటిలో చాలావాటికి నత్రజని కల్తీ దాదాపు లేకపోవడమే. నత్రజని చేరితే పసుపు ఛాయ వస్తుంది. ఇక బోరాను చేరితే నీలిరంగు వస్తుంది. నగలకు అతుకు పెట్టేటప్పుడు కంసాలి వాడే వెలిగారం ఉంది చూశారూ, క్యారమ్ బోర్డు మీద పిల్లలు చల్లుకునే బోరిక్ పౌడరు ఉంది చూశారూ, వాటిలో ఉండే బోరానే. తావెర్నియే మన దేశం నుంచి పెద్ద నీలివజ్రం ఒకటి తీసుకుపోయి ఫ్రెంచి చక్రవర్తి పద్నాలుగో లూయీకి అమ్మాడు. అది కొల్లూరుదేనని నమ్మకం. 1792లో, విప్లవం రోజుల్లో, దొంగలు ఎత్తుకుపోయారు. మళ్లీ చిన్నదిగా కోయించుకుని లండనులో తేలింది. 'హోప్ వజ్రం' అన్న పేరుతో చేతులు మారి మారి, 1958 నుంచి అమెరికాలో స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. 45.52 క్యారెట్లు. దాని నీలిమకంతకూ కారణం పది లక్షల అణువులకు ఇంచుమించు ఒక్క బోరాను అణువు. పదిలక్షల మంది జాతరలో ఒక్క మనిషి వచ్చి జాతరంతటికీ రంగు మార్చినట్టు! చీకట్లో దాని మీద అతినీల కాంతి పడేసి తీసేస్తే, కాసేపు ఎర్రగా వెలుగుతుంది. జర్మనీలోని డ్రెస్డెన్‌లో 41 క్యారెట్ల ఆకుపచ్చ వజ్రం ఉంది. దానికి కారణం వేరు. భూమిలో పక్కనున్న ఖనిజాల రేడియో ధార్మిక కిరణాలు తగిలి అలా అయింది. చాలా గులాబీ వజ్రాల రంగుకు కల్తీ కారణం కాదు. భూగర్భంలో నలిగి, లోపలి అమరిక వంగినందుకు ఆ రంగు వచ్చింది.

పచ్చల మాట కూడా ఒకటి. నిజాంల ఖజానాలోవీ, మొగలాయీ నగల్లోవీ పెద్ద పెద్ద పచ్చలు ఏదో అంతరించిపోయిన తూర్పుదేశపు గనులవని చాలాకాలం అనుకున్నారు. 2000లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు కొన్ని నిజాం పచ్చలను పరీక్షించి, అందులో దక్షిణ అమెరికాలోని కొలంబియా రాళ్లున్నాయని తేల్చారు. స్పెయినువాళ్ల ఓడలెక్కి, సముద్రాలు దాటి హైదరాబాదు చేరాయన్నమాట.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను.

కెంపులో ఏముందో తెలిశాక మనిషి ఊరుకుంటాడా? చేసి చూశాడు. 1880ల్లోనే 'జెనీవా కెంపులు' అని మనిషి చేసిన రాళ్లు బజారుకొచ్చి గగ్గోలు పుట్టించాయి. తర్వాత 1902లో పారిస్‌లోని అగస్త్ వెర్నూయ్ అనే ఆయన బాహాటంగా తన పద్ధతి ప్రకటించాడు. అల్యూమినియం ఆక్సైడు పొడిలో కొంచెం క్రోమియం ఆక్సైడు కలిపి, 2000 డిగ్రీలు దాటిన మంటలోంచి చుక్క చుక్కగా రాల్చాడు. కింద కొవ్వొత్తి మొదలంత కెంపు కొద్ది గంటల్లో తయారయింది. భూమి కోట్ల సంవత్సరాల్లో చేసిన పని! నీలం మాత్రం ఆయనకు అంత తేలిగ్గా లొంగలేదు. గాజుకు నీలిరంగునిచ్చే కోబాల్టు వేసి చూశాడు. కోబాల్టు కొరండంలో ఇమడలేదు. చివరికి అసలు నీలపురాయినే పరీక్షించి చూస్తే అందులో ఇనుము, టైటానియం రెండూ ఉన్నాయి. ఏ ఒక్కటీ ఆ నీలం ఇవ్వలేదు, రెండూ పక్కపక్కన ఉంటేనే ఇస్తాయి. 1910 ప్రాంతాల్లో ఆ గుట్టు తెలిసి, నీలాలూ చేశాడు.

ఈ కెంపులు ఎక్కడున్నాయంటారా? మీ ఇంట్లోనే ఉన్నాయి. పాత కీ ఇచ్చే వాచీల మీద '17 జ్యుయెల్స్' అని ఉండేది చూశారా, ఆ పదిహేడూ వెర్నూయ్ పద్ధతి కెంపులే. చక్రాల ఇరుసులు అరగకుండా వేస్తారు. 1960లో అమెరికాలో మైమన్ చేసిన మొట్టమొదటి లేజరు యంత్రంలోదీ మనిషి చేసిన కెంపు కడ్డీయే.

నగల్లోకి రాకుండా ఉంటాయా మరి? 20వ శతాబ్దం మొదటి భాగంలోనే ఈ రాళ్లు మన దేశానికీ వచ్చాయి. తిరుచ్చిలో వీటిని సానపట్టే పని ఎన్నో కుటుంబాలకు కూడు పెట్టింది. అమ్మినవాడికీ, పొదిగినవాడికీ, కొన్నవాడికీ చాలాసార్లు తేడా తెలియదు. ఎందుకు తెలుస్తుంది చెప్పండి? అల్యూమినియమూ అదే, క్రోమియమూ అదే, గట్టిదనమూ అదే, ఎరుపూ అదే. భూతద్దంలో చూస్తే లోపల వంకర గీతలు, సన్నని గాలిబుడగలు కనిపిస్తాయి. భూమిలో పుట్టిన కెంపులో గీతలు తిన్నగా ఉంటాయి. తేడా అంతే.

మాకు బాగా తెలిసిన ఒక ఇంట్లో జరిగింది చెబుతాను. పిల్లకు పెళ్లిలో అమ్మమ్మగారి కెంపుల అడ్డిగ పెట్టారు. ఆవిడకూ అది వాళ్ల అమ్మ ఇచ్చిందే. కొన్నాళ్లకు అత్తవారు దాన్ని మార్పించబోతే, బజార్లో ఒకాయన చేతిలోకి తీసుకుని, "ఇవి కెంపులు కావండీ, రాళ్లు" అన్నాడట. ఇక చూడండి. "గాజుపెంకులు అంటగట్టి పిల్లనిచ్చారు" అన్న మాట ఆ ఇంట్లో యేళ్ల తరబడి నలిగింది. పిల్ల తల్లి ఆ ఇంటి గడప తొక్కడం మానుకుంది. పురిటికి కూడా దూరదూరంగానే ఉంది. చాలాకాలానికి ఆ అడ్డిగను తెలిసినవాళ్ల చేత పరీక్ష చేయించారు. అవి గాజు కావు, ఆ కాలపు వెర్నూయ్ కెంపులు. అమ్మమ్మగారి తల్లి మంచివనే కొనుక్కుంది, మంచివనే దాచుకుంది, మంచివనే ఇచ్చింది. మూడు తరాల ఆడవాళ్లలో ఒక్కరూ మోసం చేయలేదు. కాని ఆ మాట తెలిసేసరికి పిల్ల తల్లి లేదు.

అందుకే అంటున్నాను. మన ఇళ్లల్లో పాత నగ ఏదైనా కెంపు కాదని ఎవరన్నా చెబితే, తొందరపడి మనిషికి దొంగతనం అంటగట్టకండి. రాయి వయసు, నగ వయసు లెక్కవేసుకోండి. అత్తగార్లయినా కోడళ్లయినా ఈ మాట మనసులో పెట్టుకోండి.

కొత్తగా కొనేటప్పుడు మాత్రం కళ్లు తెరుచుకునే కొనాలి. ఇప్పుడు మోసం మనిషి చేసిన రాయితోనే కాదు, రంగుతో కూడా జరుగుతోంది. కెంపును కాల్చి రంగు తేల్చడం పాత విద్యే, అల్ బిరూనీ కూడా దాని సంగతి రాశాడు. 1970ల్లో థాయిలాండు వర్తకులు శ్రీలంకలో పారేసిన పాలరంగు రాళ్లను కొలిమిలో కాల్చి చక్కటి నీలాలు చేశారు. లోపల కరగక నిలిచిపోయిన టైటానియం, వేడికి కరిగి ఇనుము పక్కన చేరుతుంది, నీలం పుడుతుంది. ఈనాడు బజార్లో ఉన్న నీలాలు, కెంపుల్లో ఎక్కువ భాగం కాల్చినవే. అది తప్పు కాదు. ఆ రంగు పోదు. కాల్చిన సంగతి చెప్పి, తగిన ధరకు అమ్మితే చాలు.

అయితే 2004 ప్రాంతం నుంచి మరో రకం వచ్చింది. పగుళ్లతో నిండిన నాసిరకం కొరండంలోకి సీసం కలిసిన గాజును కరిగించి పోస్తున్నారు. పైకి దివ్యంగా మెరుస్తుంది. అది మనం నగలు తోమే చింతపండుకూ నిమ్మరసానికీ, కంసాలి అతుకు మంటకూ తాళదు. గాజు తినేసి, పగుళ్లు బయటపడతాయి. పచ్చల పగుళ్లు కనబడకుండా నూనె పట్టించడం చాలాకాలంగా ఉన్న ఆచారం. అందుకని పచ్చల నగను వేడినీళ్లలోనూ, కొట్లలో నగలు కడిగే యంత్రంలోనూ వేయనీయకండి. చల్లని నీళ్లలో ముంచిన మెత్తటి గుడ్డతో తుడవండి, చాలు. ముత్యాలకూ పగడాలకూ పులుపు బొత్తిగా పనికిరాదు. పెట్టుకు తిరిగాక చెమట తుడిచి విడిగా దాచండి.

కొన్నప్పుడు బిల్లు మీద మూడు మాటలు రాయించుకోండి: రాయి పేరేమిటి, భూమిలోదా మనిషి చేసిందా, కాల్చడం గాని నింపడం గాని జరిగిందా. పెద్ద రాయి అయితే పరీక్షాశాల కాగితం అడగండి. జైపూరు లాంటి చోట్ల అలాంటి పరీక్షాశాలలున్నాయి. అడిగితే మొహం చిట్లించే కొట్టులోంచి మర్యాదగా లేచి వచ్చేయండి. గ్రహాల కోసం పెట్టుకునేవారి నమ్మకం వారిది, దాన్ని గురించి నేనేమీ అనను. వాళ్లు మరీ జాగ్రత్తగా అడగాలి, ఎందుకంటే భయంతో కొనేవారికే ధర ఎక్కువ చెబుతారు.

పరిశుద్ధమైన కొరండం తెల్లగా ఉంటుందని చెప్పానే, దానికి బజార్లో పెద్ద గిరాకీ లేదు. చిటికెడు పరాయి వస్తువు కలిసిన దానికే విలువ. ఈసారి పెట్టె తెరిచినప్పుడు, ముక్కుపుడకలోని ఆ చిన్న ఎర్రరాయిని ఓసారి కిటికీ దగ్గర ఎండలో పెట్టి, పిల్లలను పిలిచి చూపించండి. మన వంటింటి లోహాలే అక్కడ వెలుగుతున్నాయని చెప్పండి. వాళ్లు నమ్మరు. అప్పుడు ఈ కథ చెప్పండి.